మడ్‌గార్డ్ మీద మర్యాద

ట్రాక్టర్ అమ్మడం ఒక పని, అప్పగించడం ఇంకో పని. మొదటి పని చేసేవాళ్లకు ఇస్త్రీ చొక్కా ఉంటుంది, నెలనెలా టార్గెట్ ఉంటుంది. రెండో పని చేసేవాడికి గ్రీసు మరకల చొక్కా ఉంటుంది, రైతు ఇంట్లో భోజనం ఉంటుంది. జగిత్యాలలోని ఒక షోరూములో నేను ఆ రెండో పని చేసి రిటైరయ్యాను. కొత్త బండిని ఊరికి చేర్చి, ఏ మీట దేనికో చెప్పి, బండి నడుస్తుండగా దేన్ని ముట్టుకోకూడదో చెప్పి, పొలంలో యజమాని చేతనే ఒక రౌండు తిప్పించి రావడం నా ఉద్యోగం. మాది కోరుట్ల. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ట్రాక్టర్ మొండికేసినప్పుడు రెండూ.

ఈ మధ్య షోరూముల్లో చేరే పిల్లలు కనబడితే, "చాచా, డెలివరీ అంటె తాళం చేతుల వెట్టి ఫొటో దిగుడే గద!" అంటున్నారు. ఫొటో దిగండి బాబూ, కాదనను. నవ్వండి కూడా. కానీ ఫొటో దిగాక మిగిలే పని గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే చందుర్తి అవతల ఒక ఊళ్లో జరిగిన డెలివరీ సంగతి రాస్తున్నాను. నా సర్వీసులో అంతకంటే పెద్ద బండ్లు అప్పగించాను, పెద్ద మనుషులకూ అప్పగించాను. గుర్తుండిపోయింది మాత్రం ఆ చిన్న బండే.

ముందు మడ్‌గార్డ్ సంగతి చెప్పాలి. మా వైపు కొత్త ట్రాక్టర్ వస్తే, పూజ అయ్యాక ఇంటి పెద్దను ఎడమ చక్రం మీది మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టి ఊళ్లో తిప్పుతారు. పొలంలో మొదటి సాలు పడేదాకా వాళ్లు దిగరు. అది మర్యాద. ఇక ఆ తర్వాత అల్లుడు వచ్చినా అదే సీటు, వియ్యంకుడు వచ్చినా అదే సీటు, అన్నం గిన్నె పట్టుకుని పొలానికి వెళ్లే ఇల్లాలికీ అదే సీటు. తిరిగే చక్రానికి పైన ఉన్న రేకు ముక్క అది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెనక నాగలి ఉన్నా అది చెడ్డ సీటే. వెనక గడ్డి కోసే మోవర్ ఉంటే మరీ చెడ్డది. మోవర్ అంటే మరేం లేదు, ఇనుప పెట్టె కింద గిర్రున తిరిగే కత్తులు. ఇంజన్ శక్తి ఒక షాఫ్ట్ గుండా వెళ్లి వాటిని తిప్పుతుంది.

మెట్‌పల్లి వైపు ఒక తోటలో మడ్‌గార్డ్ మీంచి జారిన మనిషిని మోవర్ కింద నుంచి తీయాల్సి వచ్చింది. మోవర్ విప్పడం తెలిసినవాడు కావాలని నన్ను పిలిపించారు. వెళ్లాను, విప్పాను. ఆ మనిషి గురించి ఇంకేమీ రాయలేను. ఆ తర్వాత నేను అప్పగించే ఏ బండి మీదా నడిపేవాడు తప్ప రెండో మనిషి ఎక్కకూడదని పట్టుబట్టాను. దాంతో నన్ను వెనకాల "మడ్‌గార్డ్ చాచా" అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మా సేల్స్‌మనే అని నాకు ముందే తెలుసు.

ఆ సేల్స్‌మన్ సామాన్యుడు కాదు. రైతు షోరూము మెట్లు ఎక్కుతుండగానే, బావమరిదికి ఏ బండి ఉందో కనుక్కుని దానికంటే ఒక సైజు పెద్దది చూపించేవాడు. నోరు తెరిస్తే అబద్ధం ఎంత హాయిగా వచ్చేదంటే, విన్నవాళ్లకు కూడా హాయిగానే ఉండేది. నాకూ అతనికీ రోజూ పేచీయే. మధ్యాహ్నం మాత్రం ఒకే డబ్బాలో తినేవాళ్లం, ఎందుకంటే మా ఇంటి బగారా అన్నం అంటే అతనికి ప్రాణం.

ఒకరోజు ఒక జంట వచ్చింది. గుట్ట కింద మామిడి తోట ఉందన్నారు. భర్త దుబాయిలో పార్కుల్లో గడ్డి కోసే మిషన్ నడుపుతాడు, సెలవు మీద వచ్చాడు. తోట చూసుకునేది భార్య. సేల్స్‌మన్ అలవాటు ప్రకారం, "ఇంట్ల ఇంకెవరికన్న బండి ఉన్నదా?" అని అడిగాడు. భర్త అన్నకు ఉందట, పెద్దది, నేల తిరగదున్నే రోటవేటర్‌తో సహా. సేల్స్‌మన్ ముఖం వెలిగిపోయింది. వాళ్లను తిన్నగా షోరూములోకెల్లా పెద్ద బండి దగ్గరికి తీసుకెళ్లాడు.

భర్త దాని చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కి కూర్చున్నాడు. కూర్చున్న తీరు చూస్తే కొనేసినట్టే ఉంది. ఆమె మాత్రం కిందే నిలబడి ఒక్క మాట అడిగింది.

"ఇది మా చెట్ల కిందికెల్లి పోతదా అన్నా?"

అడిగింది సేల్స్‌మన్‌ను కాదు, పక్కన స్పానర్లు తుడుస్తున్న నన్ను. "చెట్లు చూస్తె గని చెప్పరాదు చెల్లె," అన్నాను. సేల్స్‌మన్ నావైపు చూసిన చూపుకు ఇంకొకడైతే ఉద్యోగం మానేసేవాడు.

మర్నాడు తోటకు వెళ్లాను. మంచి తోట. కొమ్మలు కిందికి వంగి ఉన్నాయి, నేల గుట్ట వైపు ఏటవాలుగా లేస్తోంది, గడ్డి నడుము దాకా ఉంది. ఆమె బాధ అక్కడ అర్థమైంది. ఏటా బావగారి రోటవేటర్ కోసం ఎదురుచూడాలి. ఆయన కిరాయిలన్నీ ముగించుకుని తీరుబడిగా వచ్చేసరికి గడ్డి మోకాళ్లు దాటుతుంది. పాముల భయంతో కూలీలు లోపలికి రామంటారు. వచ్చాక ఆయన లోతుగా దున్నితే మామిడి వేళ్లు తెగి పైకి లేస్తాయి. ఏమన్నా అంటే మరుసటి ఏడు రాడు.

"ఏడాదికేడాది ఆయన ఇంటి సుట్టు తిరుగుడే అయితంది అన్నా. నా తోటకు నేనే బండి నడుపుకుంట. గదొక్కటే కావాలె నాకు," అంది.

భర్త అడ్డుపడలేదు. "ఆడ మేము గడ్డిని దున్నం భాయ్, కోస్తం. కోసిన గడ్డి ఆన్నే పడి ఎరువైతది. నేను చెప్తనే ఉన్న, మా అన్న ఇనడు," అన్నాడు. గడ్డి విషయంలో అతని మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ అతనికి కావలసిన మోవర్ అక్కడి పచ్చిక మైదానాల మీద తిరిగే వెడల్పాటిది. నేలేమో రాళ్లు, గుంతలు, ఏటవాలు. చెట్ల మధ్య టేపు పెట్టి కొలిచి చూపించాను. పెద్ద బండి కొమ్మల్ని విరుచుకుంటూ పోవాలి. ఆ తోటకు చిన్న బండి కావాలి, ఎత్తు తక్కువ, వెడల్పు తక్కువ. మోవర్ వెడల్పు బండి చక్రాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ ఉంటే చాలు, చక్రం తొక్కిన గడ్డి కూడా తెగుతుంది. బరువైన మోవర్‌ను వెనక ఎత్తితే చిన్న బండి ముందు చక్రాలు తేలిపోతాయి కాబట్టి ముందు బరువు దిమ్మెలు కట్టాలి. రాళ్లు ఎగిరి తగలకుండా మోవర్ వెనక గొలుసుల తెర ఉండాలి. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు ఏ కారణంతోనూ తీయకూడదు.

"వాలు మీద అడ్డం పోవద్దు, నిలువుగ ఎక్కాలె, నిలువుగ దిగాలె. గదే గద భాయ్?" అన్నాడు అతను. తెలిసినవాడితో మాట్లాడితే ఆ సుఖమే వేరు. మా సేల్స్‌మన్ ఒక పూట అన్నం మానేసి, చివరికి చిన్న బండే రాసుకున్నాడు.

ఇక అసలు మనిషి ఉంది. అతని తల్లి. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. కోడలు బండి నడపడానికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "నడుపుతనంటవు, నడుపు. గని ఒక్క దినం భయపడ్డవని నాకు తెలిసిందా, తాళం పెద్దోని చేతుల పెడ్త. వాడే డ్రైవర్‌ను చూసి నడిపిస్తడు." పెద్దోడంటే రోటవేటర్ బావగారే. అంటే బండి కొన్నా ఆమె మళ్లీ ఆ ఇంటి చుట్టే తిరగాలి. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది. చెప్పి, "నేనెందుకు భయపడ్త?" అంది. అప్పుడే కొంచెం భయపడినట్టు కనిపించింది.

షోరూము వెనక ఖాళీ జాగాలో నేర్పడం మొదలుపెట్టాను. మొదటి రోజు చీర కుచ్చిళ్లు దోపుకుని, కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. నేను బండి స్టార్ట్ చేయలేదు. షాఫ్ట్ చూపించి, దీనికి బట్ట కొస దొరికితే చాలు, మిగతాదంతా అదే లాక్కుంటుందని చెప్పాను. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. మర్నాడు భర్త దుబాయి నుంచి తెచ్చుకున్న, ప్యాంటూ చొక్కా ఒకటిగా కుట్టిన నీలం కవరాల్ వేసుకొచ్చింది. కాళ్ల దగ్గర మడతలు, భుజాలు మోచేతుల దాకా జారుతున్నాయి. సేల్స్‌మన్ నవ్వు ఆపుకోలేక గోదాములోకి వెళ్లిపోయాడు.

"ఊర్ల అందరు నవ్వుతరన్నా," అంది.

"నవ్వనియ్యి చెల్లె. నవ్వెటోళ్లు అచ్చి నీ గడ్డి కోస్తరా?"

తర్వాత సిరిసిల్లలో ఒక దర్జీకి ఇచ్చి దాన్ని తన కొలతకు కుట్టించుకుంది. అప్పుడు చూడాలి, ఆ కవరాల్ ఆమె కోసమే పుట్టినట్టు ఉంది. పని తొందరగా పట్టుకుంది. బండి దిగే ముందు మోవర్ ఆపు, కిందికి దించు, ఇంజన్ బందు చెయ్యి, తాళం తియ్యి, అప్పుడు దిగు అని నేను చెప్పింది పెదాలు కదుపుతూ జపంలా చదివేది. ఈలోగా సెలవు అయిపోయి భర్త దుబాయి వెళ్లిపోయాడు. బండి వచ్చేనాటికి ఆ ఇంట్లో ఆమె వైపు మాట్లాడే మనిషి లేడు.

డెలివరీ రోజు నేనూ సేల్స్‌మనూ బండిని లారీలో ఎక్కించుకుని పొద్దున్నే ఊరు చేరాం. మోవర్ తగిలించి సిద్ధం చేశాను. వాకిట్లో జనం. ఒకవైపు బావగారు తన పెద్ద బండికి ఆనుకుని నిలబడ్డాడు. పూజ బాగా జరిగింది. ఇన్నేళ్లలో ఎన్ని చూశానో ఏమో, నిమ్మకాయలు ఏ టైర్ల కింద పెట్టాలో, బొట్టు ఎక్కడ పెడితే రంగు పాడవకుండా ఉంటుందో పంతులుకు నేనే అందించాను. ఆమె నీలం కవరాల్ మీద పసుపు కుంకుమలతో సీట్లో కూర్చుంటే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె పట్టించుకోలేదు.

అప్పుడు అత్త ఒక చేత్తో హారతి పళ్లెం పట్టుకుని, ఇంకో చెయ్యి ఒకరి భుజం మీద వేసి, మడ్‌గార్డ్ ఎక్కి కూర్చుంది.

నేను ముందే చెప్పి ఉంచాను, ఎవరూ ఎక్కకూడదని. అందరూ సరే అన్నారు కూడా. పెద్దమనిషి కూడా ఆ లెక్కలోకి వస్తుందని ఎవరికీ తోచలేదు. సీటు పక్కకు వెళ్లి తాళం తీసి జేబులో వేసుకున్నాను.

"ఏంది సాయబూ?" అంది ఆమె.

"పెద్దమ్మా, జర దిగాలె. ఎన్కాల కత్తులున్నయి. బండి మీద ఒక్కరే ఉండాలె."

ఆమెకు కోపం రాలేదు. అది ఇంకా కష్టమైంది నాకు. పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"పెద్దోని బండి అచ్చిన్నాడు గీడ్నే కూసున్న. సాలు పడేదాక దిగలే. ఇయ్యాల చిన్నోని బండి మీద కూసుండకుంటె ఊరేమంటది? ఒక కంటికి సున్నం, ఒక కంటికి కాటుక పెట్టింది ముసల్ది అనరా? నేను దిగ సాయబూ."

తల్లి మాట అది. ఎవరో దుబాయికి వీడియో కాల్ కలిపి ఫోను నా చేతిలో పెట్టారు. తెరమీద అతను ఎండలో నిలబడి ఉన్నాడు, వెనక అతని మిషన్ కనబడుతోంది.

"తమ్మీ, ఆడ నీ మిషన్ మీద ఇంకో మనిషిని ఎక్కిచ్చుకుంటె ఏమైతది?" అన్నాను.

"నౌకరి పోతది భాయ్."

"మరి ఈడ?"

"ఆడ అవ్వను దింపితె ఇజ్జత్ పోతది. గీ ఒక్కనాడు పోనియ్యి భాయ్. మెల్లగ నడుపుమని చెప్పు," అన్నాడు. గడ్డి గురించీ వాలు గురించీ అన్నీ తెలిసిన మనిషి, తల్లి దగ్గరికి వచ్చేసరికి అంత మాట అన్నాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

అప్పుడు కోడలు స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది.

"అత్తమ్మా, నువ్వు మీద ఉంటె నేను నడుప. నువ్వు జారుతవేమోనని నాకు భయమైతంది."

ఆ మాట అనగానే ఏమన్నదో ఆమెకే తెలిసింది. ముఖం పాలిపోయింది. బావగారు బండి దగ్గరికి వచ్చి నాముందు చెయ్యి చాపాడు.

"ఇన్నరు గద అందరు. భయమైతందట. అవ్వా, నువ్వన్న మాటే. సాయబూ, తాళం ఇటియ్యి."

ముసలామె కోడలి వైపు చూసింది. షరతు పెట్టింది తనే. ఊరు వింటోంది. నా జేబులో తాళం, గుండెల్లో రాయి. నేను నోరు మూసుకుని ఉంటే ముసలామె ప్రాణం మీదికి వస్తుంది, తెరిచినందుకు ఈ పిల్ల చేతిలోంచి బండి పోతోంది. రెండూ వద్దు. కానీ మూడో దారి నాకు తట్టలేదు.

తట్టింది మా సేల్స్‌మన్‌కు. ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ ముందుకు వచ్చి, ఎంతో ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాడు.

"అమ్మా, మీరు పెద్దోళ్లు, మీకు చెప్పేటంతోణ్ణి కాదు. గని కోసే బండి మీద పెద్దోళ్లు ఎక్కుతరా ఎక్కడన్న? ముంగట నడుస్తరు గద!"

"ముంగట నడుసుడేంది?"

"పళ్లెం పట్టుకొని పెద్దోళ్లు ముంగట నడుస్తరు, బండి వాళ్ల ఎన్కాల అస్తది. మెట్‌పల్లి దిక్కు గట్లనే, కోరుట్ల దిక్కు గట్లనే. మా చాచాను అడుగుండ్రి, ఎన్ని జూసిండో!"

జనమంతా నావైపు తిరిగారు. నేను జీవితంలో అలాంటిది చూడలేదు, వినలేదు. ముసలామె కళ్లు చిన్నవి చేసి నన్నే చూస్తోంది.

"నిజమేనా సాయబూ?"

ఐదు పూటలా నమాజు చేసే మనిషిని. సేల్స్‌మన్ వైపు చూశాను, సీట్లో ఉన్న ఆ పిల్ల వైపు చూశాను. "నిజమే పెద్దమ్మా. పెద్దోళ్లు ముంగట నడుస్తెనే మర్యాద," అన్నాను.

ఆమె ఆలోచించింది. బావగారు ఊరుకోలేదు. "మరి నా బండి ముంగట నడువలేదేందే? నాకు లేని మర్యాద వీళ్లకెందుకు?" అన్నాడు. మా పని అయిపోయిందనుకున్నాను. ఎంత పెద్ద అబద్ధమైనా అన్నదమ్ముల లెక్క దగ్గర నిలవదు.

కానీ ముసలామె అప్పటికే కిందికి దిగడానికి చెయ్యి చాపింది. "నీది దున్నుడు బండి. మన్ను తల్లి అసొంటిది, దాని మీద కూసోవచ్చు. ఇది కత్తి. కత్తి నడిచేటప్పుడు పెద్దోళ్లు ముంగటుండాలె. గింత గూడ తెల్వదారా నీకు?" అంది. మేమిద్దరం వేసిన పందిరికి ఆమె గుంజలు పాతింది. ఇక దాన్ని కదిలించడం ఎవరి తరం?

తాళం మళ్లీ ఆ పిల్ల చేతిలో పెట్టాను. మోవర్ ఆపి పైకి ఎత్తి ఉంచమన్నాను, అన్నిటికంటే చిన్న గేరులో రమ్మన్నాను. బండికీ ముసలామెకూ మధ్య నేను నడిచాను, ఎందుకంటే ముందు నడవడం కూడా ప్రమాదమే. ఆ ఊరేగింపు చూసి తీరాలి. పెద్ద కొడుకు బండి మీద ఆమె కూర్చుని వెళ్లిపోయింది, అంతే. ఈసారి ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ట్రాక్టర్ ఆగాల్సి వచ్చింది. ప్రతి వాకిటా ఆగింది. ఎవరితో మాటలు లేవో వాళ్ల వాకిట ఇంకాసేపు ఎక్కువ ఆగింది.

తోటలో కొబ్బరికాయ కొట్టించి, అందరినీ బోరు గది వెనక నిలబెట్టాను. మోవర్ నడిచేటప్పుడు రాయి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కోడలు ఒక్కతే కోత మొదలుపెట్టింది. మొదటి వరస నిలువుగా పైకి వెళ్లింది. తెగిన గడ్డి వాసన వచ్చింది. చీర కొంగుల వెనక నవ్వులు ఆగిపోయాయి. రెండో వరసలో దిగుతూ ఉండగా ఎడమ వెనక చక్రం ఉన్నట్టుండి గడ్డిలోకి కూరుకుపోయింది. బండి ఎడమవైపు ఒరిగి, ఆ మడ్‌గార్డ్ పక్క చెట్టు మొదలుకు ధనామని గుద్దుకుని ఆగింది.

మేమంతా కేకలు వేశాం. నేను పరుగెత్తాను. ఆ మోటు పరుగులో నాకు కనబడింది ఒక్కటే, ఆమె పెదాలు కదులుతున్నాయి. మోవర్ ఆగింది. కిందికి దిగింది. ఇంజన్ ఆగింది. తాళం తీసింది. అప్పుడు కుడివైపు నుంచి దిగింది. నేను నేర్పినదాంట్లో ఒక్క మెట్టు కూడా తప్పలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

గడ్డి పక్కకు తోసి చూస్తే గుంత. ముసలామె వచ్చి దాన్ని చూసింది. చెట్టు మొదలుకు అతుక్కుని సొట్టపడిన మడ్‌గార్డ్ చూసింది. పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది.

"ఎండిన చెట్టు మొద్దు తీపిచ్చింది నేనే. గుంత పూడిపియ్యలే. మర్చిపోయిన," అంది.

బావగారు తన పెద్ద బండి తెచ్చి, గొలుసు తీసుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ మరదలి ముందు చెయ్యి చాపాడు.

"తాళమియ్యి, నేను తీస్త."

ఆమె ఇవ్వలేదు. "నేనే తీస్త బావా. నువ్వు గొలుసు తగిలిచ్చి గుంజు."

ఆయన తల్లి వైపు చూశాడు. ముసలామె ఆ సమయానికి చెట్టు కొమ్మకేసి ఏదో చూస్తోంది. ఆయన వంగి గొలుసు తగిలించాడు. ఆ పెద్ద బండి అంత నెమ్మదిగా, అంత ఒద్దికగా లాగడం నేను మళ్లీ చూడలేదు. బయటికి వచ్చాక ఆమె ఆ గుంత దగ్గర ఒక కర్ర పాతి, ఎర్ర గుడ్డ కట్టి, మిగతా వరసలు కోసింది. తాళం గురించి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

తిరుగు దారిలో సేల్స్‌మన్ లారీ కిటికీలోంచి బయటికి చూస్తూ, "చాచా, గంత చిన్న బండికి గంత పెద్ద అబద్ధం ఎన్నడాడలే," అన్నాడు. నేను మర్నాటి డబ్బాలో బగారా అన్నం ఎక్కువ తెచ్చాను.

పిల్లలూ, ఈ కథ చెప్పి అబద్ధాలు ఆడమని మీకు నేర్పడం లేదు. బండి ఎంత పెద్దదో అడిగే ముందు అది ఏ నేల మీద తిరగాలో వెళ్లి చూడండి. రూలు చెప్పేటప్పుడు మర్యాద కోసం కూడా కొంచెం జాగా వెతకండి. మనిషిని మడ్‌గార్డ్ మీంచి దింపితే చాలదు, ఎక్కడ నిలబడాలో కూడా మీరే చూపించాలి. ఇది నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

రిటైరయ్యాక కోరుట్ల దగ్గర తెలిసినవాళ్ల తోటకు మోవర్‌తో చిన్న బండి వస్తోందంటే పూజకు పిలిచారు. వెళ్లాను. షోరూము వాళ్లు మోవర్ బండ్లు నేర్పడానికి ఈ మధ్య ఒక ఆడమనిషిని పంపుతున్నారని విన్నాను. లారీ పక్కన నీలం కవరాల్ కనబడింది. ఆమెకూ నేను కనబడ్డాను. కళ్లతోనే సలాం చెప్పి పనిలో పడింది.

పూజ కాగానే ఆ ఇంటి తాతను మనుమలు ఎత్తి మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టబోయారు. ఆమె తాళం తీసి జేబులో వేసుకుంది.

"తాతా, ఆగుండ్రి. కోసే బండి మీద పెద్దోళ్లు ఎక్కద్దు. ముంగట నడువాలె."

"గిదేం కొత్త పద్ధతి బిడ్డా?" అన్నాడు తాత.

"కొత్తదేంది తాతా? చందుర్తి దిక్కు తాతల కాలం నుంచి గిట్లనే. కత్తి నడిచేటప్పుడు పెద్దోళ్లు ముంగటుండాలె. కావాలంటె గా చాచాను అడుగుండ్రి, ఎన్ని జూసిండో!"

ముఖంలో నవ్వు ఛాయ కూడా లేదు. జనమంతా మళ్లీ నావైపు తిరిగారు. ఈసారి నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. "నిజమే," అన్నాను. నా కళ్లతో చూశాను కదా.

తాత పళ్లెం పట్టుకుని, "ఒక్కన్నే నడువలేను, నువ్వు గూడ రా సాయబూ," అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం ముందు నడిచాం. మా వెనక ఆమె, ఆమె వెనక చిన్న గేరులో బండి వస్తున్న చప్పుడు. నౌకరీలో ఉన్నన్నాళ్లూ, సీట్లో ఎవరున్నా సరే, నేను నాలుగు అడుగులకోసారి వెనక్కి తిరిగి చూసేవాణ్ని. ఆ రోజు తోట దాకా ఒక్కసారి కూడా చూడలేదు.